సెవేరియన్‌తో నడవబోయే చెల్లికి

చిన్నీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. నాన్నని కళ్ళు చూపించుకోమని మళ్ళీ ఒకసారి గట్టిగా చెప్పు, నీ మాటైతే వింటారు. మిగతా ఇంటి సంగతులు ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం. ఈ ఉత్తరమంతా నేను పంపిన జీన్ వుల్ఫ్ నవల "ద బుక్ ఆఫ్ ద న్యూ సన్" గురించి నువ్వు చివర్లో రాసిన నాలుగు ముక్కల గురించే.

"అక్కా, నువ్వు పంపిన పుస్తకం నా వల్ల కాదు. పేజీకి ఎనిమిది మాటలు డిక్షనరీలో వెతుకుతున్నాను, నాలుగు దొరకట్లేదు. ఎవరు ఎవరో తెలీట్లేదు. నాకంత బుర్ర లేదేమో" అని రాశావు. ఆ చివరి మాట చదివి చాలా బాధపడ్డాను. తప్పు నాది. ఏ దారీ చెప్పకుండా పుస్తకం మాత్రం పంపి ఊరుకున్నాను. నాకు మొదటిసారి అది అంతకన్నా కష్టమైంది. రెండో భాగం సగంలో మూసేసి రెండేళ్ళు ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ తెరిచాను. ఇప్పటికి మూడుసార్లు చదివాను. అందుకే ఇదంతా నీతో చెప్పాలనిపిస్తోంది.

ముందు ఆ డిక్షనరీ పక్కన పెట్టు. అసలు మాటల సంగతి ఇది. జీన్ వుల్ఫ్ ఈ నవలలో పదాలు ఊరికే కల్పించలేదు. నీకు వింతగా తగిలినవి దాదాపు అన్నీ ఎప్పుడో ఎక్కడో వాడినవే, ఎక్కువగా పాత లాటిన్, గ్రీకు మాటలు, వాడుకలోంచి జారిపోయిన ఇంగ్లీషు మాటలు. మొదటి భాగం చివర అనువాదం గురించి ఒక చిన్న అనుబంధం ఉంటుంది, చూడు. ఇంకా పుట్టని భాషలో రాసిన పుస్తకాన్ని తాను తర్జుమా చేశాననీ, దానికి సరిపోయే మాటలు నేటి భాషలో లేక పాతవాటిని తెచ్చుకున్నాననీ అంటాడు. అంటే అతను "డెస్ట్రియర్" అన్నచోట మధ్యయుగాల యుద్ధాశ్వమే కళ్ళముందుకు రానక్కర్లేదు. ఎక్కి తిరిగే జంతువేదో అంతే. అదెలా ఉంటుందో నీకు కథే మెల్లగా చెబుతుంది. డిక్షనరీలో దొరికే అర్థం ఒక్కోసారి దారి తప్పిస్తుంది కూడా.

"ఫ్యులిజిన్" దగ్గర ఆగిపోయానని రాశావు కదా. లాటిన్లో మసికి ఉన్న మాట నుంచి వచ్చింది. ఈ కథ చెప్పే సెవేరియన్, అతని సంఘం వాళ్ళు వేసుకునే అంగీ రంగు, నలుపుకన్నా నల్లనిది. ఆ సంగతి పుస్తకమే చెబుతుంది, నువ్వు ఆ వాక్యం దాటి డిక్షనరీలోకి వెళ్ళిపోయావు. చిన్నప్పుడు తాతయ్య పద్యం చదువుతుంటే మనకి సగం మాటలు తెలిసేవా? అయినా ఎక్కడ కోపమో, ఎక్కడ ఏడుపో తెలిసిపోయేది. ఆ చెవితోనే చదువు. ఈ పదాలకోసమే మైకేల్ ఆండ్రే-డ్రియూసీ "లెక్సికాన్ ఉర్థస్" అని ఒక నిఘంటువే రాశాడు, 1994లో వచ్చింది. నా దగ్గరుంది. రెండోసారి చదివేటప్పుడు పంపిస్తాను, ఇప్పుడు మాత్రం పంపను.

ఇంక నువ్వు చేతిలో పట్టుకున్నదేమిటో చెప్పనీ. "ద బుక్ ఆఫ్ ద న్యూ సన్" 1980 నుంచి 1983 దాకా నాలుగు భాగాలుగా వచ్చింది. నాలుగూ కలిపి ఒకటే నవల. నీ దగ్గరున్నది మొదటి రెండూ కలిపి వేసిన ప్రతి. 1987లో అయిదోది వచ్చింది, అది ముగింపు తర్వాతి కథ. ఆ పైన అదే లోకానికి దూరపు చుట్టాలుగా మరో నాలుగు, మరో మూడు ఉన్నాయి. మొత్తం పన్నెండు. ఆ లెక్క చూసి భయపడకు, మొదటి నాలుగే నీ పని. వాటిని వరసగానే చదవాలి.

కత్తులు, అంగీలు, సంఘాలు, కోటలు చూసి పాతకాలపు రాజుల కథ అనుకుంటున్నావు. అలా అనుకోవాలనే అతను రాశాడు. కానీ ఇది లెక్కకందనంత ముందుకాలం. సూర్యుడు ఎర్రబడి చల్లారిపోతున్నాడు. మనుషులు నక్షత్రాల దాకా వెళ్ళి తిరిగొచ్చి, ఎలా వెళ్ళారో కూడా మరిచిపోయారు. మంత్రంలా కనిపించేదాని అడుగున చాలాసార్లు యంత్రం ఉంటుంది. కొన్నిచోట్ల మాత్రం యంత్రం అనుకున్నదాని అడుగున ఇంకేదో ఉంటుంది. దాన్ని నేనిప్పటికీ పేరు పెట్టి చెప్పలేను.

ఒక్క ముడి విప్పి చూపిస్తాను, ఒక్కటే. అయిదో అధ్యాయంలో సెవేరియన్ ఒక పుస్తకాల నెలవుకి వెళ్తూ దారిలో రుడెసిండ్ అనే ముసలాయన్ని చూస్తాడు. ఆయన పాత పటాలకి పట్టిన మకిలి తుడుస్తుంటాడు. ఒక పటంలో కవచం తొడుక్కున్న మనిషి ఎడారిలో నిలబడి ఉంటాడు. చేతిలో ఆయుధం లేదు, బిర్రబిగుసుకున్న జెండా ఉన్న కర్ర ఉంది. శిరస్త్రాణం ముందు భాగం మొత్తం బంగారం. కళ్ళకి కంత కూడా లేదు. అందులో ఆ ఎడారి తప్ప ఏమీ కనబడదు. అతని భుజం వెనక నీలంగా ఉర్త్ కనిపిస్తోందని ముసలాయన మురిసిపోతాడు. ఉర్త్ అంటే వాళ్ళ భూమి.

ఇప్పుడు పుస్తకం మూసి ఒక్క నిమిషం ఆలోచించు చిన్నీ. గాలి లేనిచోట జెండా ఎగరదు, అడ్డకడ్డీ పెడితేనే అలా బిగుసుకుని ఉంటుంది. బంగారు ముఖం, నిర్జీవమైన నేల, వెనక ఆకాశంలో నీలి భూమి. అది చంద్రుడి మీద నిలబడ్డ మనిషి! మన కాలపు ఫోటో ఒకటి యుగాలు దాటి వాళ్ళ గోడకెక్కింది. సెవేరియన్‌కి అది ఎవరో తెలీదు. ముసలాయనకీ తెలియదు. నీకు మాత్రం తెలుసు. నాకు ఇది మొదటిసారి తట్టలేదు, తట్టిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళ చందమామ పచ్చగా ఎందుకుందో, వాళ్ళు నివసించే గోపురంలో గదుల పేర్లు ఏమిటో, గోడలు దేనివో చూస్తూ వెళ్ళు. నేను చెప్పను.

ఈ పుస్తకాన్ని చదవడమంటే ఇదే. చెప్పేవాడు చూశాడు, నీకు ఉన్నదున్నట్టు చూపించాడు, కానీ తను చూసిందేమిటో తనకి తెలీదు. తనకి మరపన్నదే లేదని సెవేరియన్ పదేపదే అంటాడు. సరే, ఉండకపోవచ్చు. గుర్తుండటం వేరు, చెప్పాలనుకోవడం వేరు, అర్థమవడం ఇంకా వేరు. అతను ఒక సంగతి మాట్లాడుతూ మాట్లాడుతూ చటుక్కున వేరే సంగతిలోకి దాటేస్తే, ఆ దాటిన చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టుకో. నా ప్రతిలో అలాంటి గీతలు ఎన్నున్నాయో.

ఏం జరుగుతుందోనన్న ఆత్రంతో కూడా చదవొద్దు. మొదటి అధ్యాయం చివరి వాక్యం మళ్ళీ చూడు. తను చివరికి సింహాసనం ఎక్కానని అక్కడే చెప్పేశాడు, అదీ వెనక్కి నడుస్తూ ఎక్కినట్టు. పెద్ద సస్పెన్స్ మొదట్లోనే తీసి పక్కన పెట్టేశాడంటే మనల్ని పరిగెత్తొద్దంటున్నాడన్నమాట. నేను రోజుకి ఒక అధ్యాయమే చదివాను. చిన్న అధ్యాయాలు, నీకూ సరిపోతాయి.

ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా మీద కోపమొస్తుంది నీకు. సెవేరియన్ చిత్రహింసలు పెట్టేవాళ్ళ సంఘంలో పెరిగినవాడు. తల్లీతండ్రీ లేనివాడు, ఆ పని తప్ప ఏమీ చూడలేదు. ఖైదీలని వాళ్ళు "క్లయింట్లు" అంటారు. ఆ మాట ఎంత మామూలుగా వాడతాడో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఆడవాళ్ళని వర్ణించే తీరు కూడా చాలాచోట్ల నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు. థెక్లా అయినా డోర్కస్ అయినా అతను చెప్పినంతే అనుకోకు. వాళ్ళు మాట్లాడిన మాటల్ని విడిగా విను, అతని వ్యాఖ్యానం తీసేసి విను. అప్పుడు వాళ్ళు అతనికన్నా చాలా పెద్దవాళ్ళుగా కనిపిస్తారు. కొన్ని పేజీలు చదవలేకపోతే తిప్పెయ్, ఏమీ తప్పు లేదు.

రాసినాయన గురించి అడిగావు. 1931లో న్యూయార్క్ నగరంలో, బ్రూక్లిన్‌లో పుట్టాడు. కొరియా యుద్ధంలో సిపాయిగా పనిచేశాడు. తర్వాత ఇంజినీరయ్యాడు. డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి అమ్మే ప్రింగిల్స్ చిప్స్ ఉన్నాయే, వాటిని వండే యంత్రం తయారీలో ఈయన చెయ్యి ఉంది. ఈ నవల వస్తున్న రోజుల్లో కర్మాగారాల ఇంజినీర్లు చదివే ఒక పత్రికలో సంపాదకుడు. నేనుండే ఇల్లినాయ్‌లోనే, బారింగ్టన్ అనే ఊళ్ళో చాలా ఏళ్ళున్నాడు. 2019 ఏప్రిల్‌లో ఇదే రాష్ట్రంలో, పియోరియాలో పోయాడు.

ఆ ఇంజినీరు నీకు కత్తిలో కనబడతాడు. సెవేరియన్ కత్తి పేరు టెర్మినస్ ఎస్ట్. తలలు నరకడానికి చేసింది కాబట్టి మొన ఉండదు, చివర చతురస్రంగా ఉంటుంది. కత్తి రేకు లోపల పొడుగునా ఒక కాలువ, అందులో పాదరసం. కత్తి పైకెత్తినప్పుడు పాదరసం పిడివైపు జారుతుంది, అందుకని ఎత్తడం తేలిక. కిందికి దించేటప్పుడు అదంతా చివరికి పరిగెడుతుంది, దెబ్బ బరువెక్కుతుంది. ఆ నవల కూడా ఇలాగే తయారైంది, చిన్నీ. మొదటి భాగంలో తేలిగ్గా అనిపించిన సంగతి నాలుగో భాగంలో బరువంతా తెచ్చి మీద పడేస్తుంది.

నేను ఎక్కడ మానేశానో కూడా చెప్తాను. రెండో భాగంలో ఉన్నట్టుండి ఒక నాటకం మొత్తం వస్తుంది, పాత్రల పేర్లతో సహా. అంతకుముందు ఒక పాత కథల పుస్తకంలోంచి ఒక కథ వస్తుంది. అసలు కథ ఆగిపోయిందనిపించి విసుగేసింది. ఇప్పుడనిపిస్తుంది, ఆ నాటకం నచ్చకపోయినా మామూలు వేగంతో చదివి ముందుకి వెళ్ళిపోవాల్సింది. నువ్వు అలా చెయ్యి. దాన్ని అర్థం చేసుకునే వీలు నవల మొత్తం అయ్యాక వస్తుంది.

మళ్ళీ ఎందుకు తెరిచానంటే, నాలుగో భాగంలోని ఒక అధ్యాయం గురించి ఇక్కడ ఒకావిడ చెప్పింది. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళ శిబిరం. ఫోయిలా అనే గాయపడ్డ స్త్రీ మనసు గెలవడానికి మంచాల మీదున్నవాళ్ళు కథల పోటీ పెట్టుకుంటారు. వాళ్ళలో శత్రుదేశపు ఖైదీ ఒకడు. వాళ్ళ దేశంలో సొంతంగా వాక్యం అల్లకూడదు. ప్రభుత్వం ఒప్పుకున్న గ్రంథంలోని వాక్యాలే పలకాలి. అతని పేరే "పదిహేడుగురి బృందానికి విధేయుడు". అతనూ కథ చెబుతానంటాడు. ఒక్కో నినాదం పలుకుతాడు, ఫోయిలా ఒక్కోదాన్ని మామూలు మాటల్లోకి తెస్తుంది. అన్యాయంగా కొట్టి వెళ్ళగొడితే, న్యాయం కోసం మళ్ళీ మళ్ళీ రాజధానికి నడిచివెళ్ళే ఒక మనిషి కథ అది. అరువు నినాదాలతోనే అతను తన గుండెలోది చెప్పేస్తాడు.

నేనిక్కడికి వచ్చిన మొదటి ఏడాది నీకు చెప్పలేదు. ఇంగ్లీషు వచ్చనుకుని వచ్చాను. ఇక్కడి మాటల వేగం, సగం మింగేసే పలుకు, ఆటల్లోంచి వచ్చే నానుడులు ఏవీ అందేవి కావు. ప్రతిదానికీ ఆపి అడగలేం కదా. మీటింగుల్లో ముఖాలు చూసేదాన్ని, ఏ మాట తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు తలదించుకున్నారో గుర్తుపెట్టుకునేదాన్ని. అలా వారానికి నాలుగైదు మాటలు నావయ్యేవి. నేను మాట్లాడేవి మాత్రం ఇంకొకరి దగ్గర విన్న వాక్యాలే. బాగున్నాను, పర్లేదు, థాంక్యూ. నాన్నకి ఆపరేషన్ జరిగిన రోజు కూడా ఆఫీసులో "బాగానే ఉన్నాను" అన్నాను. పక్క టేబులావిడ నా మొహం చూసి, కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. కాసేపయ్యాక "ఇంట్లో ఏమైంది?" అంది. ఆ అధ్యాయం గురించి నాకు చెప్పింది ఆవిడే.

అందుకే చెప్తున్నాను, నీకు బుర్ర లేదన్న మాట ఇంకెప్పుడూ రాయకు. తెలియని మాటల మధ్య కొన్నాళ్ళు ఓపిగ్గా ఉండటం, అంతే కావాల్సింది.

మొదటి భాగం తాళం వేసిన శ్మశానం గేటు దగ్గర మొదలవుతుంది, మరో గేటు దగ్గర ఆగుతుంది. అక్కడ సెవేరియన్ చదివేవాళ్ళతో నేరుగా మాట్లాడతాడు. ఇక నాతో నడవనంటే నేను తప్పుపట్టను, ఇది సులువైన దారి కాదు అంటాడు. అక్కడిదాకా రా. అక్కడికొచ్చాక మానేస్తానంటే నేనూ ఏమీ అనను. మానకపోతే, మూడూ నాలుగూ భాగాలు వెంటనే పోస్టులో వేస్తాను.

ఈలోగా అయిదో అధ్యాయం మళ్ళీ చదివి, ఆ పటం దగ్గర ఇంకేం గమనించావో రాయి. నేను చూడనిది నీకు కనబడుతుందని నా ఆశ.

అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు.

నీ
అక్క