ఉమ్మనీట్లో తెల్లచుక్కలు

కావలి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

పొద్దున ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. పక్కనే చెల్లెమ్మ ఉందని ఎక్కువ అడగలేదు. నువ్వు పంపిన రిపోర్టు నాలుగుసార్లు చదివాను. ఉమ్మనీట్లో తెల్లటి రేణువులు తేలుతున్నాయన్న ఒక్క ముక్క పట్టుకుని, బిడ్డ లోపలే మోషన్ పోయిందని మీ అత్తగారు ఏడుస్తున్నారన్నావే, ఆ మాట మీదే రాస్తున్నా.

పోయినేడు మాకూ ఇదే అయింది. ఎనిమిదో నెల దాటాక నెల్లూరులో స్కాన్ తీయించాం. నేనూ లోపలే ఉన్నాను. ఉమ్మనీరు స్క్రీన్ మీద నల్లగా కనపడుతుంది మామా, ఒట్టి నీటికి తగిలి శబ్దతరంగం వెనక్కి రాదు కాబట్టి. మా బిడ్డ చెయ్యి పక్కన ఆ నలుపులో సన్నటి తెల్లచుక్కలు. బిడ్డ కదిలినప్పుడల్లా కుండ కదిపితే గంజి తరకలు లేచినట్టు లేచి, మెల్లగా కిందికి దిగాయి. అక్కడ ఒక్క మాట చెప్పకుండా కాగితం చేతిలో పెట్టారు. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. వాళ్ళు అలా చెయ్యకూడదురా, ఇప్పటికీ కోపమే నాకు.

మర్నాడు మా డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. చివరి నెలల్లో బిడ్డ ఒంటి మీదుండే వెన్నలాంటి తెల్లపూత, వెర్నిక్స్ అంటారు, కొంచెం కొంచెంగా ఊడి నీళ్ళలో కలుస్తుంది. ఎక్కువమందిలో ఆ చుక్కలు అవే. మెకోనియం, అంటే బిడ్డ లోపల పోయే మోషన్, కలిసినా, నెత్తురు కలిసినా అలాగే కనపడొచ్చు. స్కాన్‌లో నీటి రంగు తెలియదు కదా, అందుకే చుక్కలు చూసి ఫలానా అని ఎవరూ తేల్చలేరు. నీరెంతుంది, బిడ్డ ఎలా కదులుతోంది, గుండె ఎలా కొట్టుకుంటోంది, ఇవన్నీ కలిపి చూడాలి.

ఇక నీరు 14 నుంచి 12కి తగ్గిందన్నావు. కడుపును నాలుగు భాగాలు చేసి, ఒక్కోదాంట్లో లోతైన చోటు కొలిచి కూడితే వచ్చే లెక్క అది, ఏఎఫ్ఐ. 5 నుంచి 25 సెంటీమీటర్ల దాకా మామూలే. బిడ్డ పక్కకు తిరిగినా అంకె మారుతుంది. నెలలు నిండే కొద్దీ నీరు కొంత తగ్గుతుంది కూడా. అత్తగారితో ఇంకో మాట చెప్పు, బిడ్డ ఉమ్మనీరు మింగడం రోజూ జరిగేదే, తిరిగి మూత్రంగా వదిలేదీ బిడ్డే.

కదలికలు తగ్గినా, నీరు పోతున్నా, అది పచ్చగా ఉన్నా, నెత్తురు కనపడినా మాత్రం అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి బయల్దేరండి.

రేపు సింగరాయకొండలో రైలెక్కగానే ఫోన్ చెయ్యి, కావలిలో నేనూ ఎక్కుతాను. మొదటి నెల నుంచి ఉన్న రిపోర్టులన్నీ తీసుకురా.

నీ
మామ