గోడపత్రికలో ఆటోల వార్త: తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నది తొమ్మిదో తరగతి పిల్లలు బడి గోడపత్రికలో వేసిన, పిల్లల్ని బడికి తెచ్చే ఆటోల వార్త ఫొటో. ‘ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో తొమ్మిదిమంది’ అన్న శీర్షిక కొందరికి మింగుడుపడలేదు. పిల్లల చేత మా మీద పితూరీలు రాయిస్తున్నారా అని కొందరు, హెడ్మాస్టరు చూడకుండానే గోడకెక్కిందా అని మరికొందరు అడిగారు. అందరికీ కలిపి ఇదే జవాబు.

ముందు చిల్లర పనులు. రెండో విడత ఫీజు 10వ తేదీలోగా కట్టాలి. యూనిట్ పరీక్షలు రథయాత్ర సెలవు అయ్యాక సోమవారం నుంచి. ఆధార్ జిరాక్స్ ఇవ్వనివారు ఇచ్చేయండి. గొడుగుల మీద పేరు రాయండి.

అవును, ఆ వార్తను నేను ముందుగా చూడలేదు. కావాలనే చూడలేదు. ఈ ఏడాది తెలుగు, సోషల్ టీచర్లిద్దరికీ వార్తారచన నేర్పడంలో, పిల్లల పత్రికకు సలహాదారుగా ఉండటంలో శిక్షణ ఇప్పించాం. నీళ్లలో దిగనివాడు ఈత నేర్పలేడు కనుక మొదటి పని టీచర్లదే: గంటసేపు బజారులో తిరిగి, నలుగురితో మాట్లాడి, 150 మాటల్లో వార్త రాసుకురావాలి. మనవాళ్ల చేతిలో అది వ్యాసమైపోతుంది. ‘మానవ జీవితంలో రవాణా ఎంతో ముఖ్యమైనది’ అని ఎత్తుకుంటే అసలు సంగతి నాలుగో పేరాకు గానీ రాదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి మొదటి వాక్యంలోనే పడాలి. ఎందుకు, ఎలా అన్నవి ఆ వెనక. చోటు చాలక కింది పేరా తీసేసినా వార్త నిలబడాలి.

రెండో పాఠం ఎర్ర పెన్ను పక్కన పెట్టడం. ఇదే టీచర్లకు అన్నిటికన్నా కష్టం. సలహాదారు వాక్యం దిద్దకూడదు, మార్జిన్‌లో ప్రశ్న రాయాలి: ఇది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా? రెండో మనిషిని అడిగావా? తప్పు ఎవరిదంటున్నావో వాళ్ల జవాబేది? టీచరే తిరగరాస్తే రెండు సంచికలు బాగుంటాయి. మూడోదానికి, ఎలాగూ మాస్టారు రాస్తారు కదా అని పిల్లలు సగం కాగితం తెచ్చిస్తారు. ప్రతి సంచికా హెడ్మాస్టరు బల్ల మీదికి వస్తే వార్షికోత్సవం వార్త తప్ప మరేదీ గోడెక్కదు. నా దాకా రావాల్సినవి కొన్నే: నిర్ధారణ కాని ఆరోపణ, ఎవరి ఇంటి గుట్టయినా, కేసుల్లో చిక్కుకున్న పిల్లల పేరు, ఊరు, బడి బయటపడే రాత. ఈ చివరిది 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. సవర గిరిజనుల మాట వాళ్ల నోటనే విని నేర్చుకుని రాసుకున్న మనిషి. వాడుక భాష కోసం 1919లో మాసపత్రిక కూడా నడిపారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండవేసి, పిల్లల చేత ఉపన్యాసం బట్టీ పట్టించడం ఎంతసేపు? ఎదుటివాడు ఏమన్నాడో చెవొగ్గి విని, ఉన్నదున్నట్టు రాయడం నేర్పాలంటేనే టీచరుకు శిక్షణ కావాలి. నాలుగు భాషలు వినబడే ఊళ్లో మరీనూ. ఒడియాలోనో సవరలోనో అన్న మాటను తెలుగు చేసి కొటేషన్ గుర్తుల్లో పెడితే, అది చెప్పినవాళ్లు అన్న మాట కాదు, మన మాట. గుర్తులు తీసేసి ‘అని చెప్పారు’ అని రాయాలి, ఏ భాషలో చెప్పారో కూడా రాయాలి. ఈ నియమాన్ని మా పిల్లలు పెద్ద పత్రికలకన్నా గట్టిగా పాటిస్తున్నారు!

ఆ వార్త రాసిన ‘బి’ సెక్షన్ అమ్మాయిని మెచ్చుకోకుండా ఉండలేను. గేటు దగ్గర ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టారు. లెక్కలు కుదరకపోతే మర్నాడు మళ్లీ నిలబడ్డారు. చిత్తుప్రతిలో ఆటో నంబర్లున్నాయి. నంబరు వేస్తే చదివేవాళ్లకు కొత్తగా ఏం తెలుస్తుందని మార్జిన్‌లో టీచరు అడిగారు. అందరూ చేస్తున్న పనికి ఒక్క డ్రైవరే దొరికిపోతాడని పిల్లలే వాటిని కొట్టేశారు. డ్రైవర్ల జవాబూ వేశారు: నెలకు ఇంతకన్నా ఎక్కువ ఇవ్వలేమని బేరమాడేది తల్లిదండ్రులేనట, ఆ డబ్బుకు ముగ్గురినే ఎక్కిస్తే పెట్రోలు కూడా గిట్టదట. కోపం శీర్షిక మీద కాదు, ఈ వాక్యం మీదేమోనని నా అనుమానం.

ఇంకో మనవి. పిల్లల వార్తలు దయచేసి మీరు రాసిపెట్టకండి. ‘సదరు విషయమై తెలియజేయునది’ అని పద్నాలుగేళ్ల పిల్ల రాయదు. నాన్నగారి ఆఫీసు భాష మాకు తెలిసిపోతుంది. ఫార్వర్డ్ వచ్చిన సంగతిని ఆధారమని చెప్పి పంపకండి. రాత్రి పదింటికి టీచర్లకు ఫోన్ చేసి ఫలానా పేరు తీసేయమనడం అసలే వద్దు.

వార్తలో తప్పుందనుకుంటే 100 మాటలు మించకుండా రాసి, సంతకంతో గురువారంలోగా ఆఫీసు ముందున్న పెట్టెలో వేయండి. తప్పు తేలితే సవరణ అదే చోట, అంతే సైజు అక్షరాల్లో వస్తుంది. ఆటోల సంగతి తేల్చడానికి శనివారం నాలుగింటికి డ్రైవర్లను పిలిచాం. నెలకు ఎంత ఇవ్వగలరో ఇంట్లో మాట్లాడుకుని రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు,
పర్లాకిమిడి