ఖాళీ గుల్లలు పోసే పని మాకు ఇవ్వండి: రక్షణ మంత్రి గారికి బొబ్బిలి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను విజయనగరం జిల్లా బొబ్బిలిలో ఇరవై రెండేళ్లుగా ఇనుము కరిగించి పోతపోసే చిన్న ఫౌండ్రీ నడుపుతున్నాను. జూట్ మిల్లులకు పళ్లచక్రాలు, ఉక్కు తయారీలో కలిపే లోహ మిశ్రమాలు చేసే ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాలకు విడిభాగాలు పోసి బతికాం. ప్లాస్టిక్ సంచుల పోటీకి తట్టుకోలేక మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. అలాంటి మిశ్రమమైన సిలికో మాంగనీసు టన్నుకు దాదాపు 4,000 యూనిట్ల కరెంటు కాల్చే ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసులేమో ఛార్జీల భారంతో ఆగి ఆగి నడుస్తున్నాయి. దాంతో మాకు వారంలో రెండు రోజులకు మించి పని ఉండటం లేదు. మా పోతగాళ్లలో సగంమంది విశాఖ, చెన్నై దారి పట్టారు. అందుకే సైన్యం వాడే బాంబుల ఖాళీ గుల్లలు, అంటే లోపల మందు నింపని ఇనుప తొడుగులు, పోసే పని మాకు ఇప్పించమని అడుగుతున్నాను.

మన సైన్యం వాడే 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని 2017లో కాగ్ నివేదిక చెప్పింది. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడిందని ప్రభుత్వం అంటోంది, సంతోషమే. అయితే ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక నిల్వలు ఎంత వేగంగా కరిగిపోతాయో అందరం చూశాం. ఏడాదిలో పది లక్షల ఫిరంగి గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో మాట ఇచ్చిన ఐరోపా సమాఖ్య, గడువు నాటికి సుమారు సగమే ఇవ్వగలిగింది. జర్మనీలో రైన్‌మెటల్ సంస్థ కార్ల విడిభాగాలు చేసే బెర్లిన్, నాయిస్ కర్మాగారాలను రక్షణ ఉత్పత్తికి మళ్లిస్తామని 2025లో ప్రకటించింది. అక్కడ పెద్ద సంస్థ చేస్తున్న పనిని ఇక్కడ మా స్థాయిలో మేమూ చేయగలం.

81 మిల్లీమీటర్ల మోర్టారు (గొట్టం నుంచి పైకి పేల్చే చిన్న ఫిరంగి) బాంబు గుల్లను ఎస్.జి. ఇనుము అనే ప్రత్యేక పోత ఇనుముతో పోయవచ్చు. మామూలు పోత ఇనుములో కార్బన్ రేకుల్లా ఉండటం వల్ల దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. కరిగిన ఇనుములో ఫెర్రో సిలికాన్ మెగ్నీషియం కలిపితే ఆ కార్బన్ గుండ్రని పూసల్లా మారి దెబ్బకు సులువుగా విరగని ఎస్.జి. ఇనుము తయారవుతుంది. కలిపిన క్షణంలో లేడిల్ (కరిగిన ఇనుము పట్టే పాత్ర) మీద కళ్లు చెదిరే తెల్లని వెలుగు లేస్తుంది. మెగ్నీషియం ప్రభావం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి పది నిమిషాల్లోపే మూసలన్నీ నింపాలి. పంపుల విడిభాగాలకు మేం ఈ ఇనుమునే పోస్తాం. ఆ హడావుడిలో చెయ్యి తడబడని మనుషులు ఇంకా మా దగ్గర మిగిలి ఉన్నారు.

మందు నింపే పని మేము అడగటం లేదు. అది లైసెన్సు, ఊళ్లకు దూరంగా స్థలం, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నచోటే జరగాలి. ఇళ్ల దగ్గరి షెడ్లలో ఎవరికీ అనుమతి ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. 2021లో ఏర్పడిన, మందుగుండు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మ్యూనిషన్స్ ఇండియా వంటి వాటికి ఖాళీ గుల్లలు, తోక రెక్కలు, రవాణా పెట్టెలు చేసి ఇస్తే మాకు చాలు.

రెండేళ్ల కిందట మా నమూనాలను వేరే రాష్ట్రంలోని ఒక పరీక్షాశాలకు పంపాను. ఫలితం వచ్చేసరికి మూడు నెలలు గడిచి టెండరు గడువే ముగిసిపోయింది. పోత నాణ్యత తేల్చే పరీక్షాశాల ఒకటి విశాఖ, శ్రీకాకుళం మధ్య పెట్టించండి. మాలాంటి నలుగురైదుగురు కలిసి అందుకోగల చిన్న ఆర్డర్లను, కనీసం మూడేళ్ల కాలానికి ఇప్పించండి. ఒక్క ఏడాది ఆర్డరును నమ్మి కొత్త లేతు కోసం అప్పు చేసేవాడు ఉండడు, అప్పు ఇచ్చే బ్యాంకూ ఉండదు.

మీ శాఖ అధికారి ఒకరు బొబ్బిలి వచ్చి, తమ కళ్లెదుటే ఒక పోత పోయించి, దాన్ని కోసి పరీక్షించుకోవాలని కోరుతున్నాను. ఆ రోజు ఇనుము, కరెంటు ఖర్చు నేనే భరిస్తాను.

ఇట్లు,
బొబ్బిలి ఫౌండ్రీ యజమాని ఒకరు