ఉగాది ఆహ్వానం: ఫాంట్లు వేసుకోండి

అందరికీ నమస్కారం. నిన్న మల్లేశ్వరంలో ప్రింట్ షాపుకి వెళ్తే మన ఉగాది ఆహ్వానం అక్షరాలు మారిపోయి, లైన్లు రెండో పేజీకి జారిపోయాయి. మన ఫైలు బాగానే ఉంది. అక్కడి కంప్యూటర్‌లో మన ఫాంట్లు లేవు, అంతే.

కార్డు పని చేస్తున్నవాళ్లు గూగుల్ ఫాంట్స్ నుంచి శీర్షికకి రామభద్ర, మేటర్‌కి మండలి డౌన్‌లోడ్ చేసుకోండి. ఉచితమే. డౌన్‌లోడ్ అయిన జిప్ ఫైలుని ముందు ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి, అంటే లోపలి ఫైళ్లు బయటికి తీయాలి; చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. విండోస్‌లో టీటీఎఫ్ ఫైలు (పేరు చివర .ttf ఉండే ఫాంట్ ఫైలు) మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కండి. మ్యాక్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఫాంట్ బుక్ తెరుచుకుంటుంది, అక్కడ ఇన్‌స్టాల్. ఉబుంటులోనూ దాదాపు ఇంతే. తర్వాత వర్డ్ మూసి మళ్లీ తెరవండి, లేకపోతే కొత్త పేర్లు కనిపించకపోవచ్చు.

యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాని పాత ఫాంట్లలో టైప్ చేసిన పద్యాలు మాత్రం దయచేసి పంపకండి. ఆ ఫాంట్ లేనిచోట అవి అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. పెద్దవాళ్లు చేతిరాత ఫోటో పంపినా చాలు, నేనే టైప్ చేస్తాను.

షాపుకి పీడీఎఫే ఇద్దాం, ఫాంట్ అందులోనే ఇమిడి వస్తుంది. ఇచ్చేముందు లక్ష్మి, స్త్రీ లాంటి మాటల్లో ఒత్తులు తెగాయేమో పెద్దగా చేసి చూడండి.