తుంటి విరిగితే వయసు ఒక్కటే చూడకండి

ఎడిటర్ గారికి,

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను.

మొన్న ఎండాకాలంలో మా వదిన వాకిట్లో జారిపడింది. 70 దాటినా కర్ర పట్టకుండా జీడితోటంతా తిరిగి గింజలు ఏరే మనిషి. ఆసుపత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే ఫిల్మును కిటికీకేసి పట్టి చూసి, "వయసైపోయింది కదమ్మా, సగం మారిస్తే చాలు" అన్నారు. ఆవిడ రోజూ ఎంత నడుస్తుందో అడగనే లేదు. నా బాధంతా అదే.

తుంటిలో ఎక్కడ విరిగిందన్నది ముందు తెలియాలి. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి, తుంటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. బంతికి, దాని మెడకు దిగువన లావుపాటి భాగంలో విరిగితే మామూలుగా రాడ్డు గానీ ప్లేటు గానీ వేస్తారు. బంతి కిందుండే సన్నటి మెడ విరిగి పక్కకు తప్పుకుంటే మాత్రం బంతికి రక్తం అందకపోవచ్చు. పెద్ద వయసులో స్క్రూలు వేసినా అతుక్కోక మళ్లీ ఆపరేషన్‌కి వచ్చేవాళ్లు ఎక్కువ. అందుకే బంతి మారుస్తారు. బంతి ఒక్కటే అయితే సగం మార్పిడి, గిన్నె కూడా అయితే పూర్తి మార్పిడి.

సగం మార్పిడి త్వరగా అయిపోతుంది, కీలు జారే, అంటే బంతి గిన్నెలోంచి బయటికొచ్చే భయం తక్కువ. కానీ బాగా తిరిగేవాళ్లకు ఆ బంతి ఒరుసుకుని, పోనుపోను గిన్నె అరగొచ్చు. 2019లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో దాదాపు 1,500 మందిని రెండేళ్లపాటు గమనించారు. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు అంతే. పూర్తి మార్పిడిలో నొప్పి, నడక కొద్దిగా మెరుగు, కీలు జారడం మాత్రం ఎక్కువ. బ్రిటన్ మార్గదర్శకాలైతే పూర్తి మార్పిడికి, మనిషి సొంతంగా బయట తిరుగుతుండేదా, ఆ ఆపరేషన్‌కి అడ్డొచ్చే జబ్బులేమైనా ఉన్నాయా, రెండేళ్లు దాటాక కూడా తన పనులు తాను చేసుకోగలదా అని చూడమంటాయి.

కీలు జారడమంటే మన ఇళ్లలో చిన్న సంగతి కాదు. కత్తిపీట, నేలమీద భోజనం, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, తుంటి బాగా వంగే ఇలాంటివన్నీ ఇబ్బందే. ఇదంతా విడమర్చి చెప్పమని పట్టుబడితే డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. వదిన పూర్తి మార్పిడే కావాలంది. ఆవిడ ఇంటికి వచ్చేలోగా కమోడ్ పెట్టించాం, కత్తిపీట అటకెక్కించాం. ఇప్పుడు టేబుల్ దగ్గర కూర్చుని చాకుతో కూరలు తరుగుతోంది.

అడగడం తెలియని ఇళ్ల సంగతేమిటి? మా వైపు ఊళ్లలో ఇప్పటికీ నాటు కట్టు కట్టించి రోజుల తరబడి మంచంమీదే ఉంచుతున్నారు. ఆరోగ్యం నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఎక్కడ విరిగింది, ఏయే ఆపరేషన్లు ఉన్నాయి, తర్వాత ఏం చేయకూడదు అన్నది తెలుగులో, ఒడియాలో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలని సరిహద్దు ఆసుపత్రులను కోరుతున్నాను. మీ ఆరోగ్యం పేజీలో ఎముకల డాక్టర్ల చేత ఈ విషయం రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి