నాలుగున్నరకు గదికి తాళం, బోర్డు మీద పేర్ల జాబితా

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో ‘వెనుకబడిన విద్యార్థులకు సీనియర్లతో పాఠాలు’ అన్న వార్తనూ, దాని పక్కన రిబ్బను కత్తిరిస్తున్న ఫొటోనూ చూశాను. అందులో పదకొండు మంది పెద్దలున్నారు గానీ పాఠం చెప్పవలసిన సీనియర్ ఒక్కరూ లేరు. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను, తగ్గలేదు.

ఆ వార్తలోని కళాశాలలోనే మా మనవరాలు బీఎస్సీ చదువుతోంది. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు మూడో సెమిస్టరులో రియల్ అనాలిసిస్ అనే లెక్కల పేపరు కొరకరాని కొయ్య అయింది. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన నేను కూడా అందులో ఎంత చిన్న దూరాన్నైనా సూచించే ఆ ఎప్సిలాన్ అనే గుర్తు సంగతి ఆమెకు ఎక్కేలా చెప్పలేకపోయాను. దారి చూపింది ఫైనలియర్ చదివే ఒక అమ్మాయి. క్లాసులయ్యాక ఖాళీ గదిలో పది పన్నెండు మందిని కూర్చోబెట్టి చదివించేది. ఒకనాడు మనవరాలిని తీసుకురావడానికి వెళ్లి గుమ్మం బయట నిలబడి విన్నాను. ఆ అమ్మాయి బోర్డు మీద సున్నా దగ్గర అడ్డగీత గీసి, దానికి పైనా కిందా నూరో వంతు దూరంలో మరో రెండు గీసి, 1, 1/2, 1/3 అంటూ సాగే 1/n అనుక్రమం ఎన్నో పదం నుంచి ఈ సందులోనే ఉంటుందని అడిగింది. ఎవరో ‘వంద’ అన్నారు. ఆమె తప్పని అనలేదు. ‘వందో పదం గీత మీదనే పడ్తది గద, లోపల పడ్డట్టేనా?’ అని పక్క పిల్లవాణ్ణి అడిగింది. నూట ఒకటో పదం దాకా వాళ్లే నడిచి వెళ్లారు. మేము ‘అర్థమైందా’ అని అడిగి, ‘అయింది సార్’ అనిపించుకుని సుద్దముక్క కింద పెట్టేవాళ్లం.

నాలుగున్నరకు వాచ్‌మన్ తాళాలగుత్తి ఆడిస్తూ వచ్చాడు. అతని తప్పేమీ లేదు. గది తెరిచి ఉంచాలంటే పైనుంచి ఆర్డరు కావాలట, పైగా కరెంటు బిల్లు ఎవరు కడతారని ఆఫీసులో అడిగారట. పిల్లలు వేపచెట్టు కిందికి మారితే, చీకటి పడకముందే పరకాల, నర్సంపేట బస్సులు అందుకోవలసిన వాళ్లకు సగం లెక్క సగంలోనే ఆగిపోయేది.

ఇప్పుడు ఆ పనినే అధికారికంగా మొదలుపెట్టి, తప్పిన వారి పేర్లు ‘వెనుకబడిన విద్యార్థులు’ అనే శీర్షిక కింద నోటీసు బోర్డుకు అంటించారు. తప్పని వారికి ప్రవేశం లేదు. ఆ అమ్మాయికీ చోటు లేదు. మార్కుల వరుసలో ముందున్న నలుగురిని ఎంపిక చేస్తే, వారు ఆల్ ఇన్ వన్ గైడు చూసి నోట్సు చెప్పి రాయిస్తున్నారు.

1973లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం కాన్సస్ సిటీ ప్రాంగణంలో డియానా మార్టిన్ ‘సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్’ పేరుతో సీనియర్లు చదివించే ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడే ఇలాంటిది జరగకుండా జాగ్రత్త తీసుకున్నారు. కష్టమన్న ముద్ర విద్యార్థి మీద వేయరు, పేపరు మీద వేస్తారు. వందకు 30 మంది లేదా అంతకు మించి తక్కువ గ్రేడుతోనో, తప్పియో, మధ్యలో వదిలేసియో పోయే పేపరును గుర్తించి, దాన్ని బాగా చదివి గట్టెక్కిన సీనియర్‌ను మళ్లీ అదే క్లాసులో కూర్చోబెట్టి, తర్వాత చర్చ నడిపిస్తారు. ఇష్టమున్న వారెవరైనా రావచ్చు. నడిపే వారికి డబ్బు కూడా ఇస్తారు.

1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చినప్పటి నుంచి మనది చదువుల ఊరని చెప్పుకుంటున్నాం. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే రాత్రికి రాత్రి గోడలకు సున్నం పడుతుంది. గెస్ట్ లెక్చరర్ల జీతాలకూ, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలకూ మాత్రం ఎప్పుడూ నిధుల కొరతే. సరే, ఆ లెక్కలు తేలేనాటికి మా మనవరాలి చదువే అయిపోతుంది. ఒక్క గదిని ఆరు గంటల దాకా తెరిచి ఉంచడానికీ, ఆ అమ్మాయి చేతిలో నెలకు బస్సు పాసు ఖర్చయినా పెట్టడానికీ ఏ నిధులు అడ్డొచ్చాయి? ఆ జాబితాను చింపేయడానికైతే పైసా కూడా అక్కర్లేదు.

మీ విలేకరి మళ్లీ అటు వెళితే, రిబ్బను కత్తిరించిన ఆ గుమ్మం దగ్గరే సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి నిలబడమనండి.

— ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, హనుమకొండ