రెస్టోర్ చేసిన పాత కారు అమ్మేటప్పుడు ఏం మార్చారో కూడా రాయాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా ఎడిషన్ చిన్న ప్రకటనల్లో ఈ మధ్య ఒక పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అమ్మకానికి వచ్చింది. ఎంజీఏ 1500, రెండే సీట్లు, పైన మడత టాపు, పూర్తిగా రెస్టోర్ చేసినది, అంతా ఒరిజినల్ అని రాశారు. విజయనగరంలో అలాంటి బండి బేరానికి రావడమే అరుదు. కొనేవారు ఇక్కడివాళ్లే అయితే మరీ సంతోషం. కానీ ప్రకటనలో రంగు ఉంది, ధర ఉంది, సీట్ల తోలు సంగతీ ఉంది. ఇంజను నంబరు లేదు, చాసిస్ నంబరు లేదు, ఏ భాగం మార్చారో, దేన్ని బాగుచేసి వాడారో అసలే లేదు. పాత బండ్ల ఇంజను, టింకరింగ్, వైరింగ్ పనులు చేసేవాళ్లం కాబట్టి, కొనేవారు అడగాల్సినవీ అమ్మేవారు ముందే కాగితం మీద పెట్టాల్సినవీ రాస్తున్నాం. దయచేసి ప్రచురించండి.

ముందు ఇంజను. ఎంజీఏ బండ్లను ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1955 నుంచి 1962 దాకా లక్షకు పైగా చేశారు. మొదటి రకంలో ఉన్నది బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి సిరీస్ 1489 సీసీ ఇంజను. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి తిరిగినదీ అదే కుటుంబం, అదే 1489 సీసీ. బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9, ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2, అన్నీ ఒకటే. అంబాసిడర్ టాక్సీలు నడిచిన ప్రతి ఊళ్లోనూ ఈ ఇంజను విప్పి బిగించడం తెలిసిన మేస్త్రీ ఇంకా ఉన్నాడు. రింగులు, బేరింగులు, టాపెట్ల లాంటి సామాను చాలావరకు అంబాసిడర్ స్పేర్ల కొట్లలోనే దొరుకుతుంది. ఇంకే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకూ మన దగ్గర ఇంత సదుపాయం లేదు.

చిక్కు కూడా అక్కడే వస్తుంది. పాత బ్లాకు పగిలినా, బోరు ఇక సాగదీయలేనంత అరిగినా, కొందరు మొత్తం అంబాసిడర్ ఇంజనునే దించి బిగిస్తారు. బండి నడుస్తుంది, తప్పు పట్టాల్సిన పనీ లేదు, చెప్పి చేస్తే. చెప్పకుండా ఒరిజినల్ ధర అడగడమే అన్యాయం. ఎంజీఏ ఇంజనుకు జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు, 8.3 కంప్రెషను, దాని క్యామ్‌షాఫ్టు వేరు, పెద్ద వాల్వులు. శక్తి 70 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. అంబాసిడర్‌కు ఒకే కార్బ్యురేటరు, తక్కువ కంప్రెషను, శక్తి 50 ప్రాంతం. పైన రెండు కార్బ్యురేటర్లు మెరుస్తున్నంత మాత్రాన కింద ఉన్నది ఏదో తెలియదు. బ్లాకుకు రివెట్ చేసిన చిన్న రేకు మీది నంబరులో 15జీబీ లేదా 15జీడీ అని ఉండాలి. రేకు కొత్తగా ఉందా, రివెట్లు నిన్న కొట్టినట్టున్నాయా, దాని చుట్టూ రంగు ఒక్క తీరుగా ఉందా చూడండి.

ఇంకో గుర్తు డ్యాష్‌బోర్డులోనే ఉంటుంది. ఎంజీఏలో ఇంజను చుట్లు చూపే మీటరుకు కేబుల్ వచ్చేది డైనమో వెనక ఉన్న చిన్న గేరుపెట్టె నుంచి. మామూలు అంబాసిడర్ డైనమో గానీ ఆల్టర్నేటర్ గానీ పెడితే ఆ కేబుల్ తగిలించడానికి చోటే ఉండదు. ఇంజను పరుగెత్తుతున్నా ముల్లు సున్నా దగ్గరే కూర్చుందంటే, కేబుల్ తెగిందనే మాట నమ్మే ముందు బానెట్ ఎత్తి డైనమో వెనక వేలు పెట్టి చూడండి.

నంబర్ల మీద అనుమానం తీరాలంటే ఒక దారి ఉంది. గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం దగ్గర ఆబింగ్డన్ ఫ్యాక్టరీ రిజిస్టర్లు ఉన్నాయి. రుసుము కట్టి చాసిస్ నంబరు పంపితే, ఆ బండి ఏ రోజు తయారైంది, ఏ ఇంజను నంబరుతో, ఏ రంగులో, ఏ దేశానికి వెళ్లింది అని హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఎంజీఏ చాసిస్ నంబర్లు 10101తో మొదలయ్యాయి. 1500 రకం ఓపెన్ బండి ప్లేటు మీద ముందు హెచ్, తర్వాత డి ఉంటాయి. లక్షల రూపాయల బేరంలో ఈ సర్టిఫికెట్ ఖర్చు అమ్మేవారే పెట్టుకోవడం ధర్మం అని మా అభిప్రాయం.

ఇది ఒట్టి ముచ్చట కాదు, సి బుక్కుతో ముడిపడిన విషయం. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50 ఏళ్లు దాటిన సొంత బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చారు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, మళ్లీ చేయించుకోవడానికి రూ.5,000, గడువు 10 ఏళ్లు. చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసిన బండికి ఇది వర్తించదు. అంటే అంబాసిడర్ ఇంజను దాచిపెట్టి అమ్మితే ఆ దెబ్బ తర్వాత తగిలేది కొన్నవారికే. వింటేజ్ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదన్నదీ కొనేవారు ముందే తెలుసుకోవాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ, పేరు మార్పుకు ఫారం 29, 30 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఇక బాడీ. కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు సముద్రపు గాలి ఇనుమును ఏం చేస్తుందో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎంజీఏలో ఇంకో మెలిక ఉంది: బాడీ ఉక్కు రేకు, కానీ డోర్ల పై రేకు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియం. పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం డోరుకు అంటుకోకపోతే లోపల లప్పం ఉందని కంగారు పడకండి, అంటుకోకపోవడమే సరి. అంటుకుంటే పై రేకు మార్చారన్నమాట. మడ్‌గార్డుల కింది అంచు, డోరు కింది సిల్లు, దీపాల చుట్టూ మాత్రం గట్టిగా అంటుకోవాలి. పట్టీ పట్టనట్టు జారితే అక్కడ లప్పం మందంగా ఉంది. అల్యూమినియం రేకును లోపలి ఇనుప ఫ్రేము మీదికి మడిచిన చోట ఉప్పు తేమ చేరితే రెండు లోహాలకూ పడదు. డోరు అంచున రంగు కింద చిన్న చిన్న పొక్కులు వచ్చి, గీరితే తెల్లటి పొడి రాలుతుంది. రంగు వేసి ఆరు నెలలు కాకముందే ఆ పొక్కులు కనిపిస్తే, కింద శుభ్రం చేయకుండానే పైన స్ప్రే కొట్టారని అర్థం.

సిల్లు బయటికి కనిపించే భాగం మార్చడం సులువు, లోపలి పొర మార్చడమే అసలు పని. కార్పెట్ ఎత్తించి చూడండి. ఎంజీఏ నేల ప్లైవుడ్ పలకలు, చాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటాయి. పలక కొత్తదైనా దాన్ని పట్టుకున్న ఇనుప అంచు పొరలు పొరలుగా లేస్తుంటే ఆ రెస్టోరేషన్ సగంలో ఆగినట్టే. సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు కూర్చునే తొట్లను టార్చిలైటు వేసి చూడాలి. యాసిడ్ కారి ముందు తినేసేది వాటినే. డోర్లకు చాసిస్‌కు మధ్య ఏం చేశారో పనిలో ఉండగా తీసిన ఫోటోలు అడగండి. రంగు పడక ముందు రేకు ఎలా ఉందో చూపే ఫోటో ఒక్కటీ లేని బండిని ఎంత మెరిసినా మేం రెస్టోర్ చేసినదిగా లెక్కపెట్టం.

కరెంటు పని ఇక్కడ ఎక్కువగా పాడుచేసేది ఎర్తు దగ్గర. ఈ బండికి బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్తు. మన ఎలక్ట్రీషియన్లకు నెగెటివ్ ఎర్తు అలవాటు. ఎవరో ఒకరు కొత్త స్టీరియో గానీ ఫోన్ చార్జరు గానీ బిగించి లోహపు బాడీ తగిలేలా చేస్తే తీగలు కాలతాయి. బండి మొత్తానికి రెండే ఫ్యూజులు, చాలా తీగలు ఫ్యూజు మీదుగా పోవు. నెగెటివ్‌కు మార్చారా అని సూటిగా అడగండి. మార్చి ఉంటే డైనమోను కొత్త ఎర్తుకు తగ్గట్టు మళ్లీ పోలరైజ్ చేశారా, కాయిల్ తీగలు అటూ ఇటూ మార్చారా అన్నది కూడా.

పెట్రోలు సంగతికి వస్తే, ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసినదే పోస్తున్నారు. పాత రబ్బరు పైపులు దానికి మెత్తబడి లోపల పొరలూడి, కార్బ్యురేటరులోకి పెట్రోలు వచ్చే దారిని మూసే ఫ్లోటు సూది దగ్గర ఇరుక్కుంటాయి. ఎస్‌యూ కార్బ్యురేటరులో జెట్ చుట్టూ ఉండే బెండు వాచర్లు కారుతాయి. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు వేశారా అని అడిగి బిల్లు చూడండి. మిశ్రమం కూడా పలచబడుతుంది కాబట్టి జెట్ నట్టును ఒకటి రెండు పలకలు కిందికి తిప్పాల్సి రావచ్చు. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక: ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఒక కార్బ్యురేటరు పిస్టన్‌ను మిల్లీమీటరు లోపు ఎత్తండి. చుట్లు పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, వెంటనే పడిపోయి ఆగబోతే తక్కువ, లవలేశం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరి. రెండో దానికీ అంతే. తాళం తిప్పగానే సీట్ల వెనక నుంచి పెట్రోలు పంపు టిక్ టిక్ మని కొన్నిసార్లు కొట్టి ఆగిపోవాలి. ఇంజను ఆపి ఉన్నా ఆగకుండా కొడుతుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ఫ్లోటు సూది మూసుకోక పెట్రోలు పొంగుతోంది. పొంగిన పెట్రోలు కిందే సైలెన్సర్ మానిఫోల్డు ఉంది. దీన్ని మాత్రం చిన్నగా తీసుకోకండి.

2000 నుంచి సీసం లేని పెట్రోలే కాబట్టి హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు గట్టివి వేయించారా అన్నది లేత్ పని బిల్లులో ఉండాలి. లేకపోతే సీటు అరిగి వాల్వు లోపలికి దిగి, టాపెట్ సందు తరచూ తగ్గిపోతుంటుంది. ఆ సందు వేడి మీద 0.017 అంగుళం. గేరుబాక్సులో మన మేస్త్రీలు అలవాటుగా 90 నంబరు ఆయిల్ పోస్తారు. ఎంజీఏ గేరుబాక్సుకు కంపెనీ చెప్పింది ఇంజను ఆయిలే, హైపాయిడ్ 90 వెనక యాక్సిల్‌కు మాత్రమే. తప్పు ఆయిల్ లోపలి కంచు బుష్షులను తినేస్తుంది, గేర్లు వేసేటప్పుడు గరగర మొదలవుతుంది. మొదటి గేరుకు సింక్రో (గేరు సాఫీగా పడేలా చుట్లు కలిపే ఏర్పాటు) లేదు, బండి కదులుతుండగా అందులో గరగరమంటే మాత్రం తప్పు కాదు.

ఇంజను వెనక నుంచి రాత్రికి రెండు మూడు చుక్కల ఆయిల్ పడితే భయపడనక్కర్లేదు. ఆ క్రాంకుకు వెనక రబ్బరు సీలు లేదు, ఆయిల్‌ను తిరిగి లోపలికి తోసే మర గాడి మాత్రమే ఉంది. మడుగు కడితే వేరే సంగతి.

ముందు చక్రం జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే అరిగింది చక్రం బేరింగు, పోకపోతే చక్రం పక్కకు తిరిగే ఇరుసు, కింగ్‌పిన్ను. తీగల చక్రాలున్న బండి అయితే ఇంకో జాగ్రత్త. మధ్యలో సుత్తితో కొట్టే పెద్ద నట్టు ఎడమ వైపు మామూలు మర, కుడి వైపు ఎదురు మర. రెస్టోరేషన్‌లో హబ్బులు అటూ ఇటూ మారిపోతే నడుస్తుండగా నట్టు తనంతట తాను వదులై చక్రం ఊడుతుంది. ఇది ఊహ కాదు, ఆ మర దిశ అలా పెట్టిందే అందుకు.

చివరగా నడిపి చూడడం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూపిస్తామంటే ఒప్పుకోకండి. మధ్యాహ్నం పూట గజపతినగరం దాకా నడిపి, వెనక్కి వచ్చి, ఇంజను ఆపి పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేయించండి. కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ ఒకే వైపు ఉన్న ఇంజను కాబట్టి మధ్యలో వేడి ఆపే రేకు లేకపోయినా, దాని పొర ఊడినా, ఆ పావుగంటలో పెట్రోలు ఉడికి ఆవిరై బండి మొరాయిస్తుంది. స్టార్టయితే ఆయిల్ ప్రెషర్ ముల్లు చూడండి: వేడి మీద రోడ్డుపై పోతున్నప్పుడు 50 పౌండ్ల దగ్గర నిలవాలి.

ఇట్లు,
పాత వాహనాల పని చేసే కొందరు మేస్త్రీలం,
విజయనగరం.